పులొచ్చిందా?

(విజయవాడలో మన సినిమా మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడబోయేదే వినడం గురించి, అది కూడా వినిపించకపోతే ఇంక మనందరం ఇంటికెళ్ళి పడుకోవడం మేలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు సంగీతం రాదు. మర్యాదకి అంటున్న మాట కాదు, నిజంగానే రాదు. ఫలానా పాట ఏ రాగం అని ఎవరైనా అడిగితే మంచినీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళిపోయే రకం నేను. ముందు వరసలో సంగీతం మాష్టారు కూర్చున్నారు, ఆయన్ని చూస్తుంటే నాకు ఇప్పటికే కాళ్ళు వణుకుతున్నాయి. బ్యాంకులో ఇతరుల డబ్బులు లెక్కపెట్టి రిటైరైన మనిషిని. కానీ సినిమాలు బాగా విన్నాను. చూశాను అనడం లేదు, విన్నాను అంటున్నాను. ఎందుకో చెబుతాను.

ఇంకోటి, పాటల గురించి మాట్లాడను. సినిమా సంగీతం మీద మాట్లాడటానికి వెళ్తున్నానంటే మా ఆవిడ "ఎవరి పాటలు, ఘంటసాలవా, బాలూవా?" అంది. పాటలు కాదే, పాటలన్నీ తీసేశాక మిగిలేదాని గురించి అన్నాను. "మిగిలేదేముంది, ఫైటింగేగా" అంది. ఆ మిగిలేదాని గురించే ఇవాళ.

సీన్ల వెనక వాయించే ఆ సంగీతాన్ని మనం రీరికార్డింగ్ అంటాం. ఇప్పటి పిల్లలు బీజీఎం అంటున్నారు. తమాషా ఏంటంటే హాలీవుడ్ వాళ్ళ దగ్గర రీరికార్డింగ్ అంటే మాటలు, చప్పుళ్ళు, సంగీతం అన్నీ కలిపి ఒకటి చేసే పని, మనం మిక్సింగ్ అంటామే అది. మద్రాసులో మాత్రం ఎందుకోగాని ఆ పేరు సంగీతానికే అంటుకుపోయింది. "రీరికార్డింగ్ అదరగొట్టాడ్రా" అంటే మనకి సంగీత దర్శకుడే. అది తప్పు పేరే అనుకున్నా నాకు ఆ పేరే ఇష్టం, ఎందుకంటే నా చెవికి మాటలూ చప్పుళ్ళూ సంగీతమూ మూడూ కలిసే ఎక్కాయి, విడివిడిగా ఎక్కలేదు.

మీలో ఎంతమందికి సంక్షిప్త శబ్ద చిత్రం గుర్తుంది? చేతులెత్తండి. ఆ... జుట్టు తెల్లబడినవాళ్ళందరూ ఎత్తారు. అమ్మా, మీరు జుట్టుకి రంగేసుకున్నారు గాని చెయ్యెత్తి దొరికిపోయారు. పిల్లల కోసం చెబుతాను. ఆకాశవాణి వాళ్ళు రెండున్నర గంటల సినిమాని గంటకి కుదించి రేడియోలో వేసేవాళ్ళు. బొమ్మ ఉండదు. మాటలు, పాటలు, వెనక వాయించేది, అంతే. మా ఇల్లు తెనాలిలో, విజయవాడ స్టేషను ఖంగుమని వచ్చేది. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ రేడియో దగ్గర చేరేవాళ్ళం, పక్కింటివాళ్ళు కూడా పీటలు తెచ్చుకుని.

ఒక్కసారి ఆలోచించండి, బొమ్మ లేని సినిమా. తలుపు కిర్రుమంటుంది. ఎవరొచ్చారు? కనపడదు. అడుగుల చప్పుడు. ఇంకా తెలీదు. అప్పుడు వెనకాల వయొలిన్లు మొదలవుతాయి, ఆ వచ్చినవాడు చుట్టమో శత్రువో ఆ వయొలిన్లు చెబితేనే మనకి తెలిసేది. వాడు నోరు విప్పేలోపే మాకు వాడి సంగతి తెలిసిపోయేది. తర్వాత ఎప్పుడో అదే సినిమా ఊళ్ళో సెకండ్ రిలీజుకి వస్తే వెళ్ళి చూసేవాణ్ణి. నేను ఊహించుకున్న ఇల్లు వేరు, తెరమీది ఇల్లు వేరు. నేననుకున్న విలన్‌కి మీసం ఉంది, తెరమీదవాడికి లేదు. కానీ ఆ వయొలిన్ల దగ్గర కడుపులో వచ్చే గుబులు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. అప్పటికి నాకు పదేళ్ళు ఉంటాయేమో.

మా ఇంట్లో శబ్ద చిత్రానికి అసలైన శ్రోత మా నాయనమ్మ. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం, ఎవరు చెప్పినా వినలేదు. దాంతో మా అందరికీ రేడియో సినిమా అంటే సగం సినిమా, ఆవిడకి మాత్రం హాలుకి తీసుకెళ్ళినా రేడియో పెట్టినా ఒకటే సినిమా. ఇంకా రేడియోనే నయం అనేది, రిక్షా డబ్బులు మిగులుతాయని.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. 1987, 88 ప్రాంతం. అప్పట్లో పండగొస్తే వీసీపీ, అంటే వీడియో క్యాసెట్లు వేసే డబ్బా, కలర్ టీవీ కలిపి అద్దెకి తెచ్చేవాళ్ళం, గుర్తుందా? రాత్రి తొమ్మిదింటికి మొదలెడితే తెల్లారేదాకా మూడు సినిమాలు. మూడో సినిమా చూసినవాడు ఆంధ్రదేశంలో ఎవడూ లేడు, అందరూ చాపలమీద అడ్డదిడ్డంగా పడి నిద్ర. ఒక సంక్రాంతికి నేను పట్టుబట్టి అన్వేషణ తెప్పించాను, అదీ మొదటి సినిమాగా. వంశీ తీసింది, 1985, సంగీతం ఇళయరాజా. పాటల క్యాసెట్టు నా దగ్గర అప్పటికే ఉంది, టేపు సాగిపోయి జానకి గారికి మగగొంతు వచ్చేదాకా విన్నాను. కానీ నాక్కావల్సింది అందులో లేదు. ఆ రోజుల్లో మీరు క్యాసెట్టు కొంటే పాటలే వస్తాయి, వెనక సంగీతం ఎవడూ అమ్మడు, అడిగితే షాపువాడు మనవైపు జాలిగా చూస్తాడు. అందుకని నేనేం చేశానంటే, మా మావయ్య దుబాయ్ నుంచి తెచ్చిన, రేడియోతోపాటు టేప్ రికార్డరు కూడా ఉండే టూ-ఇన్-వన్‌ని టీవీ స్పీకరుకి ఆనించి పెట్టి, ఖాళీ క్యాసెట్టు వేసి, ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించాను. ఎవ్వరూ మాట్లాడకూడదు. దగ్గకూడదు. జంతికలు నమలకూడదు. చిన్నపిల్లలు ఏడిస్తే తల్లులు పెరట్లోకి తీసుకెళ్ళాలి.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక అడవి. మనుషులు చచ్చిపోతుంటారు, పులి చంపుతోందని అక్కడి జనం నమ్మకం. పక్షుల కూతల్లో స్వరాలు వెతుక్కునే ఒక అమ్మాయి, భానుప్రియ, ఆ అడవికి వస్తుంది. నిజంగా పులేనా, లేక ఇంకెవరైనానా అన్నదే కథ. చివర్లో ఏమవుతుందో చెప్పను, చెబితే మీరు నన్ను మళ్ళీ పిలవరు.

రికార్డింగ్ బ్రహ్మాండంగా సాగుతోంది. అడవి, ఎవరో నడుస్తున్నారు. వెనకాల వాయిద్యాలు మెల్లిగా అందుకున్నాయి, చాలా మెల్లిగా. గదిలో ఇరవైమందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. సరిగ్గా అప్పుడు, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న మా నాయనమ్మ, నిక్షేపంలాంటి గొంతుతో, "పులొచ్చిందారా?" అంది.

అయిపోయింది. నా క్యాసెట్టు అయిపోయింది. గదంతా నవ్వులు, ఆ నవ్వులు కూడా రికార్డయ్యాయి. తెల్లారితే వీసీపీ వాడు వచ్చి పట్టుకుపోతాడు, మళ్ళీ చేద్దామంటే పండగ అయిపోయింది. ఆ రాత్రి నాయనమ్మతో నేను మాట్లాడలేదు.

కానీ ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే కదా, దాన్నే వింటూ వచ్చాను. వందసార్లు విని ఉంటాను. వినగా వినగా ఒకరోజు తట్టింది. ఆవిడకి తెరమీద ఏమీ కనపడటం లేదు. ఆ నిమిషంలో ఎవరూ పులి అన్న మాట అనలేదు. మరి ఆవిడకి పులి సంగతి చెప్పిందెవరు? ఆ వాయిద్యాలే కదా. ఇంకా చూడండి, ఆవిడ "పులొచ్చింది" అనలేదు. "పులొచ్చిందా?" అంది. ఆ సినిమాకి కావల్సింది సరిగ్గా ఆ దీర్ఘం! పులి వచ్చేసిందని సంగీతం చెప్పేస్తే కథ అక్కడితో సరి. రాలేదని చెప్పినా సరి. వచ్చిందో రాలేదో తేల్చకుండా, కళ్ళు కనపడని ముసలావిడ నోట ఆ ప్రశ్న రప్పించాడు చూశారా, ఇళయరాజా పని అది. నాకు రాగాలు తెలీదు గాని ఇది తెలుసు. అప్పటినుంచీ నేను ఏ సినిమా చూసినా ఒకచోట కళ్ళు మూసుకుంటాను. మా ఆవిడ నిద్రపోయానని మోచేత్తో పొడుస్తుంది. నిద్ర కాదు, నాయనమ్మ పరీక్ష పెడుతున్నాను.

ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న సినిమా ఒకటుంది, మనది కాదు. జాస్. 1975, స్పీల్‌బర్గ్ సినిమా, జాన్ విలియమ్స్ సంగీతం. సొరచేప సినిమా. చాలామంది చూసే ఉంటారు. షూటింగులో ఆ మరసొరచేప ఉప్పునీళ్ళలో మాటిమాటికీ చెడిపోయేదట, దాంతో చాలాసేపు దాన్ని చూపించడానికే లేదు. మరి జనం దేనికి భయపడాలి? విలియమ్స్ పియానో దగ్గర కూర్చుని రెండే రెండు స్వరాలు, టడాం... టడాం... అని వాయించి ఇదే నీ సొరచేప అన్నాడు. స్పీల్‌బర్గ్ మొదట అది వేళాకోళం అనుకుని నవ్వాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఆ రెండు స్వరాలు మొదలైతే చాలు, నీళ్ళలో కాలు పెట్టినవాడు అయిపోయినట్టే.

కానీ నాకు నచ్చింది అది కూడా కాదు. ఆ సినిమాలో ఒకచోట ఇద్దరు పిల్లలు అట్టముక్కతో సొరచేప రెక్క చేసి నీళ్ళలో తిప్పుతారు, ఒడ్డున జనం హాహాకారాలు చేస్తూ పరిగెడతారు. అక్కడ సంగీతం లేదు! ఒక్క స్వరం లేదు. ఎందుకు లేదు? సొరచేప లేదు కాబట్టి. విలియమ్స్ అబద్ధం చెప్పలేదండీ. తెరమీద అంతమంది అరుస్తున్నా మా నాయనమ్మ అక్కడ నోరెత్తేది కాదు. సరే, సంగీతం నిజమే చెబుతుందని మనల్ని అలా నమ్మించాడా, నమ్మించి ఆ తర్వాత ఏం చేశాడంటే, పోలీసు అధికారి పడవ మీద నిలబడి విసుగ్గా నీళ్ళలోకి ఎర విసురుతుంటే, ఏ వాయిద్యమూ లేకుండా సొరచేప తల బయటికి వస్తుంది. హాల్లో కుర్చీలు ఎగురుతాయి. గంటకి పైగా మాట మీద నిలబడ్డవాడు మాత్రమే అలా ఒక్కసారి మాట తప్పగలడు. రోజూ తప్పేవాడు తప్పితే ఎవడికి ఆశ్చర్యం?

ఒక సరదా ప్రశ్న. రేడియోలో శబ్ద చిత్రంగా వెయ్యడానికి అస్సలు వీల్లేని సినిమా ఏది? ... ఎవరో అన్నారు, కరెక్ట్! పుష్పక విమానం. 1987, సింగీతం శ్రీనివాసరావు గారు. ఒక్క మాట ఉండదు. గంటసేపు రేడియోలో ఏం వినిపిస్తారు? నేనైతే వెయ్యొచ్చనే అంటాను. ఎల్. వైద్యనాథన్ సంగీతం ఉంది, వీధి చప్పుళ్ళు ఉన్నాయి. అందులో ఒక ముచ్చట మీకు గుర్తుచెయ్యాలి. కమల్ హాసన్ నిరుద్యోగి, సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో ఉంటాడు, రాత్రంతా హాల్లోంచి ఫైటింగు చప్పుళ్ళు. ఎలాగో పెద్ద హోటల్లోకి చేరతాడు, మెత్తటి పరుపు, చల్లటి గది, నిశ్శబ్దం. నిద్ర పట్టదు! ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. అప్పుడు టేప్ రికార్డరు పట్టుకుని పాత చోటికెళ్ళి, ఆ హాలు చప్పుళ్ళన్నీ రికార్డు చేసుకొచ్చి, హోటల్ గదిలో అవి పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. హాలంతా నవ్వారు. నేను నవ్వలేదు. టేప్ రికార్డరు పట్టుకుని సినిమా చప్పుళ్ళ వెంట పడినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అనుకున్నాను, ఇంకొకడు దొరికాడు.

ఇప్పుడు మిమ్మల్ని మద్రాసు తీసుకెళ్తాను. మాకు వరసకి బాబాయి ఒకాయన అక్కడ సినిమాల్లో వయొలిన్ వాయించేవాడు. పేరు చెప్పను, ఆయన పేరు ఏ టైటిల్స్‌లోనూ రాలేదు, నేనెందుకు ఇప్పుడు వెయ్యడం. 1991 వేసవిలో వెళ్తే, ఒకరోజు బతిమాలగా బతిమాలగా రీరికార్డింగ్ థియేటరుకి తీసుకెళ్ళాడు. మూల కూర్చో, ఊపిరి గట్టిగా పీల్చకు అన్నాడు. నాకు ఆ డైలాగు ఎక్కడో విన్నట్టనిపించింది.

పెద్ద హాలు. ముందు తెర. తెర కింద అంకెలు తిరుగుతుంటాయి, అవి ఫిల్ము అడుగులు. నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది ఫిల్ము, వెయ్యడుగుల రీలు అంటే 11 నిమిషాలు. సినిమా అంటే అలాంటివి 14, 15 రీళ్ళు. రీలు ఒకసారి వేస్తారు, మాటలు మాత్రమే వినిపిస్తాయి, సంగీత దర్శకుడు చూస్తాడు, ఫలానా అడుగు దగ్గర మొదలు, ఫలానా అడుగు దగ్గర ఆపు అని రాసుకుంటాడు. ఆ స్వరాలు కాపీ చేసి ఒక్కో స్టాండు మీద పెడతారు. వాళ్ళు ఆ కాగితం అంతకుముందు చూసి ఉండరు. ఒకసారి రిహార్సల్, రెండోసారి టేకు. అందరూ ఒకేసారి వాయించాలి, ఒక్కడు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటికి. ఇప్పుడైతే తప్పు చేసినవాడి ముక్క ఒక్కటీ తీసి మళ్ళీ వాయించుకోవచ్చు, అప్పుడు అది లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇవేవీ కాదు. వాయించేవాళ్ళని నడిపించే కండక్టరు తెరవైపు తిరిగి నిలబడతాడు, ఆయనకి బొమ్మ కనపడాలి కదా. మరి వాయించేవాళ్ళు? వాళ్ళు కండక్టరు వైపు తిరిగి కూర్చుంటారు. అంటే తెరకి వీపు! మా బాబాయి ఎన్నో ఏళ్ళు, ఎన్నో వందల సినిమాల్లో, ఎంతమంది తల్లులు చచ్చిపోతుంటే, ఎన్ని ప్రేమలు విరిగిపోతుంటే, వాటికి వీపు పెట్టి కూర్చుని వాయించాడు. ఆ రోజు ఒక సీను అయ్యాక కాఫీ విరామంలో అడిగాను, "బాబాయ్, ఇందాకటి సీన్లో ఏం జరిగింది?" అని. "నాకేం తెలుసురా, ఎవరో పోయినట్టున్నారు, అలా రాశాడు" అన్నాడు. అని, కాఫీలో పంచదార చాల్లేదని కుర్రాణ్ణి కేకేశాడు. నేను తిరిగొచ్చి నాయనమ్మకి ఈ మాట చెబితే ఆవిడ చాలా సంతోషపడింది. "చూశావా, వాయించేవాళ్ళూ నాలాగే" అంది.

కనిపించకపోవడం గురించి ఎలాగూ మాట్లాడుతున్నాం కాబట్టి, వినిపించకపోవడం గురించి కూడా ఒకటి చెప్పాలి. సత్యజిత్ రే పథేర్ పాంచాలి, 1955. సంగీతం రవిశంకర్, ఒక్క రాత్రిలో దాదాపు అంతా కానిచ్చేశారు. అందులో తండ్రి చాన్నాళ్ళకి ఊరినుంచి వస్తాడు, కూతురికి చీర తెచ్చానని తీసి చూపిస్తాడు. కూతురు పోయిందని ఆయనకి తెలీదు. తల్లి ఆ చీర పట్టుకుని ఒక్కసారిగా బావురుమంటుంది. కానీ ఆ ఏడుపు మనకి వినపడదు. నోరు తెరుచుకుంటుంది, వినిపించేది మాత్రం తార్ షెహనాయి. గొంతు తీసేసి అక్కడ వాయిద్యం పెట్టాడు. నేను మొదటిసారి చూసినప్పుడు ప్రింటు పాడైందేమో, సౌండు పోయిందేమో అనుకున్నాను, నిజంగా. రెండు సెకన్ల తర్వాత అర్థమై, ఇంక చూడలేకపోయాను. మనిషి ఏడుపు వినడం మనకి అలవాటేనండీ, పక్కింట్లో ఏడిస్తే కిటికీ మూసుకుంటాం. ఆ వాయిద్యానికి కిటికీ ఎక్కడుంది?

మన దాంట్లో నాకు దీనికి దగ్గరగా తోచేది సాగర సంగమం, 1983. పాటల సంగతి చెప్పక్కర్లేదు, ఇళయరాజాకి జాతీయ అవార్డు వచ్చింది. నేను చెప్పేది ఆ ఆహ్వాన పుస్తకం సీను. ఢిల్లీలో నృత్యోత్సవం, జయప్రద ఆ పుస్తకం తెచ్చి ఇస్తుంది, కమల్ ఒక్కో పేజీ తిప్పుతూ పెద్దపెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు, తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీలో తన ఫొటో. అక్కడ ఎంత డైలాగు రాయొచ్చండీ! రాయలేదు విశ్వనాథ్ గారు. ఇంటికెళ్ళి మాటల్ని పట్టించుకోకుండా ఆ సీను ఒకసారి వినండి. ఇంతకుమించి చెప్పను, చెబితే మాష్టారు రాగం అడుగుతారు.

ఇప్పుడు కొంచెం తగువు పెట్టుకుంటాను, కుర్రాళ్ళు ఏమీ అనుకోవద్దు.

1989 అక్టోబర్, శివ. విడుదలైన వారంలోనే ఇదే విజయవాడలో చూశాను, నుంచోడానికి కూడా చోటు లేదు. సైకిలు చైను లాగే ముందు హాలంతా ఎలా బిగుసుకుందో అది చూసినవాళ్ళకే తెలుసు. అక్కడ మన సినిమాలో ఒక మలుపు ఉందని నా లెక్క. అప్పటిదాకా వెనక సంగీతంలో పులి ఎవరు? విలన్. లేదా విధి, తుఫాను, అత్తగారు. శివలో మొట్టమొదటిసారి నాకు పులి ఎవరిలా వినిపించిందంటే, హీరోలా. నాగార్జున నెమ్మదిగా నిలబడి ఉంటే మనకి భయమేసింది, వీడు ఏం చేస్తాడో అని. ఇలా అంటే ముందు సినిమాలు చూపించి నాతో వాదించేవాళ్ళు ఉంటారు, వాదించండి, టీ దగ్గర మాట్లాడుకుందాం. నేననేది, శివలో ఆ పులి ఎప్పుడు పడితే అప్పుడు రాలేదు. దాచి దాచి వదిలారు.

తర్వాత ఏమైంది? ప్రతి హీరో పులే అయ్యాడు. అది కూడా పర్లేదు. కానీ కారు దిగితే పులి, కళ్ళజోడు తీస్తే పులి, కాఫీ తాగితే పులి, వెనక్కి తిరిగితే పులి. మా నాయనమ్మని ఇవాళ్టి సినిమాకి తీసుకెళ్ళాననుకోండి, రెండు నిమిషాలకోసారి "పులొచ్చిందారా" అంటుంది, అరగంట అయ్యాక అడగడం మానేస్తుంది. ఆ మానెయ్యడమే నా బాధ. భయం పోయాక పులి ఎంత గట్టిగా అరిచినా ఏం లాభం?

దీనికి మనుషుల్ని తిట్టి ప్రయోజనం లేదు, నా మటుకు నాకు సగం కారణం స్పీకర్లే అనిపిస్తుంది. పాత హాల్లో తెర వెనక ఒక్కటే దారి, మోనో. మాటా, వానా, వయొలినూ ముగ్గురూ ఆ ఒక్క గుమ్మంలోంచే రావాలి. మాట వస్తుంటే వయొలిన్ పక్కకి తప్పుకోవాల్సిందే, లేకపోతే ఇద్దరూ ఇరుక్కుంటారు. ఆ తప్పుకోవడంలో ఒక పద్ధతి, మర్యాద వచ్చింది. 1986లో కృష్ణ గారి సింహాసనం 70 ఎంఎంలో ఆరు ట్రాకులతో వచ్చింది, ఆ తర్వాత తర్వాత గుమ్మాలు పెరుగుతూ పోయాయి, ఇప్పుడు సీలింగులోంచి కూడా సౌండు వస్తోంది. ఎవరూ ఎవరికీ దారి ఇవ్వక్కర్లేదు. అందరూ ఒకేసారి వచ్చేస్తున్నారు, పెళ్ళి భోజనాల రెండో బంతికి వచ్చినట్టు.

బాబూ, ఏదో అడుగుతున్నావు... గట్టిగా చెప్పు. "సార్, థియేటర్లో ఆ సౌండుకి వచ్చే కిక్కు మీకు రాదా, అబద్ధం చెప్పకండి" అంటున్నాడు. వస్తుందయ్యా! ఎందుకు రాదు? ఛాతీ మీద డప్పు కొట్టినట్టుంటే ఎవడికి రాదు? నేనూ ఈల వేస్తాను, మా ఆవిడ సాక్షి. బాహుబలి మొదటి భాగంలో విగ్రహం నిలబెట్టే చోట జనం ఒక్కొక్కళ్ళుగా గుర్తుపట్టి బాహుబలి, బాహుబలి అని మొదలెడతారు చూడు, అక్కడ జనం గొంతే వాయిద్యం అయిపోయింది, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గట్టిగా ఉండటం తప్పని నేననలేదు. ఎప్పుడూ గట్టిగా ఉంటే గట్టిగా ఉన్నట్టు తెలీదు అంటున్నాను. నువ్వు రోజూ అరిస్తే మీ ఇంట్లో ఎవరైనా పట్టించుకుంటారా? నాకు తెలుసు, పట్టించుకోరు, నన్నూ అంతే.

ఇంకో చిన్న సంగతి, ఇది చాలామంది గమనించలేదు. ఆర్‌ఆర్‌ఆర్ అనగానే ఏమంటాం? నాటు నాటు, ఆస్కార్, కీరవాణి, చంద్రబోస్. నిజమే, 2023లో వచ్చింది, నేనూ తెల్లవారుజామునే లేచి టీవీ ముందు కూర్చున్నాను. కానీ మన జాతీయ అవార్డు అదే సినిమాకి కీరవాణికి దేనికి ఇచ్చారో తెలుసా? పాటలకి కాదు. నేపథ్య సంగీతానికి! పాటలకి ఆ ఏడు పుష్పకి దేవి శ్రీ ప్రసాద్‌కి వెళ్ళింది. జాతీయ అవార్డుల్లో 2009 సంవత్సరం సినిమాల నుంచి పాటలకి వేరు, నేపథ్య సంగీతానికి వేరు అని విడదీశారు, అలా విడదీసిన మొదటి ఏడాది నేపథ్యం అవార్డు అందుకున్నది మళ్ళీ ఇళయరాజానే, పళశిరాజా అనే మలయాళ సినిమాకి. ఇన్నేళ్ళకి ఎవరో మా ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పారు, పాటలు తీసేశాక మిగిలేది ఫైటింగు ఒక్కటే కాదని.

ఆర్‌ఆర్‌ఆర్ హాల్లో చూస్తున్నాను. ఎన్టీఆర్ అడవిలో పరిగెడుతున్నాడు, తోడేలు వెంటపడింది, సరే తోడేలే కదా అనుకున్నాను, ఇంతలో పులి. నిజం పులి, అంటే గ్రాఫిక్స్ పులే అనుకోండి. నేను అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. మూసుకుని, నాయనమ్మా, వచ్చిందే! అన్నాను. పైకే అనేశాను. ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూశాడు.

సరే, టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. మీకు ఒకటి వినిపించి కూర్చుంటాను. ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది, టేపు ఊడిపోతుంటే మా అబ్బాయి కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లో వేసి ఇచ్చాడు. రెండున్నర నిమిషాలు. క్వాలిటీ ఏమీ ఆశించకండి, టీవీ స్పీకరుకి ఆనించిన టూ-ఇన్-వన్, దానిమీద ముప్పై అయిదేళ్ళకి పైగా బూజు. ముందు అడవి వినిపిస్తుంది, తర్వాత వాయిద్యాలు మెల్లిగా వస్తాయి, ఆ తర్వాత ఎవరొస్తారో మీకు తెలుసు. లైట్లు ఆపక్కర్లేదు, కళ్ళు మూసుకోండి చాలు. బాబూ, ఆ ఫ్యాన్లు మాత్రం ఆపెయ్యి, చెమట పడితే పడింది, అది మరీ మెల్లిగా మొదలవుతుంది.